ఉప్పుకోట మళ్లీ వస్తుందట

ఉప్పుకోట మళ్లీ వస్తుందట. ఈసారి కంప్యూటర్లకి వస్తుందట, ఆటగాళ్లు తలా కాస్త చందా వేసుకుని తెప్పించుకుంటున్నారట. తెప్పించేది ఎవరని అడిగితే పేరు లేదు, ఊరు లేదు. ఒక ఖాళీ వెబ్ పేజీ, దాని మీద విరిగిన కత్తి బొమ్మ, కింద "త్వరలో" అని ఒక్క మాట. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అది ఏ కంప్యూటర్లో ఎంత వేగంగా ఆడుతుందని ఆటగాళ్ల ఇంటర్నెట్ ఫోరంలో జనం అప్పుడే కొట్టుకు చస్తున్నారు. ఇంకొకడు ఫోన్లకి కూడా వస్తుందన్నాడు. మరొకడు ఆ ఫోన్ బొమ్మ కూడా పెట్టాడు, ఎక్కడ దొరికిందో. ఈ "అట" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఉప్పుకోట ఒక కత్తియుద్ధాల వీడియోగేమ్. పద్దెనిమిదేళ్ల కిందట మేం ఇరవై ముగ్గురం కలిసి తయారుచేశాం. టీవీకి తగిలించి ఆడే ఒకే ఒక్క కంపెనీ కన్సోల్ మీద తప్ప ఇంకెక్కడా ఆడదు, అప్పటి ఒప్పందం అలాంటిది. ఆ కన్సోల్ తయారీ ఆగిపోయి పదేళ్లు దాటింది. ఉన్నవి కూడా ఒక్కొక్కటే పాడైపోతున్నాయి, కాబట్టి ఆట కూడా వాటితోపాటు పోతోంది. దానికి దర్శకుడు మా బావ, అంటే మా అక్క భర్త. నన్ను ఆ ఆఫీసులో చేర్పించింది కూడా ఆయనే. ప్రతి యుద్ధం అయ్యాక కథానాయకుడు నడుం మీద చెయ్యి వేసుకుని రొప్పుతాడు. అది మెట్లెక్కి వచ్చిన మా బావే. కెమెరాల ముందు తనే నిలబడి ఆ కదలికలన్నీ ఇచ్చాడు.

బావ పోయి మూడేళ్లయింది. నేనిప్పుడు ఒక మందుల గోదాములో సీసాల మీద లేబుళ్లు ముద్రించే ప్రోగ్రాం చూసుకుంటున్నాను. ఉప్పుకోట ఊసు ఎవరైనా ఎత్తితే టీ తాగే నెపంతో లేచి పోతాను.

పుకారు ఒక్కటే అయితే దాని మానాన అది పోయేది. దాని వెనకే రెండోది బయల్దేరింది. ఇన్నేళ్లూ ఆ ఆట కంప్యూటర్లకి ఎందుకు రాలేదని ఎవడో అడిగాడు. దర్శకుడు దాని సోర్స్ కోడ్ పోగొట్టాడు, అందుకే రాలేదని ఇంకెవడో చెప్పాడు. ఆటని వేరే యంత్రానికి మార్చాలంటే మేం రాసిన మూలం ఉండాలి, డిస్కులో అమ్మేది సరిపోదు. బియ్యం ఉంటే ఎన్నిసార్లయినా వండుకోవచ్చు, వండిన అన్నంలోంచి బియ్యం తియ్యలేం. దాంతో ఫోరంలో అందరికీ ఒక ముద్దాయి దొరికాడు. అజాగ్రత్త మనిషన్నారు. తాగుబోతన్నారు. బావ జన్మలో చుక్క ముట్టలేదు. సొంత బిడ్డని చెత్తబుట్టలో వేసినవాడన్నారు.

ఇదంతా అక్క చదివింది. అక్క పాఠ్యపుస్తకాలకి అచ్చుతప్పులు దిద్దుతుంది. తప్పు కనిపిస్తే వదలదు, అది పెళ్లిపత్రికలోదైనా సరే. నాకు ఫోన్ చేసింది.

"నేను కూడా అందులో చేరాను."

"ఎందులో?"

"ఆ ఫోరంలో. దర్శకుడి భార్యని అని చెప్పాను. ఆయన పోగొట్టలేదు, ఆఫీసు మారేటప్పుడు ఎక్కడో కలిసిపోయిందని రాశాను."

"నీకెందుకక్కా వాళ్లతో? పనీపాటా లేని మనుషులు."

"పనీపాటా లేనివాళ్లు అంటే మాత్రం పడాలా? మీ బావ డిస్కులు రెండు పెట్టెల నిండా ఉన్నాయి. ఆ కోడ్ వాటిలో ఎక్కడో ఉంటుంది. అది దొరికిన రోజున వీళ్లందరి నోళ్లూ మూతపడతాయి. నువ్వు ఆదివారం రా."

ఆమెకి ఆట కావాలని కాదు. ఆమె ఎన్నడూ ఉప్పుకోట ఆడలేదు. బావ పేరు మీద పడ్డ ఆ మచ్చ పోవాలి, అంతే. దానికి ఆమెకి తెలిసిన దారి ఒక్కటే, ఆ కోడ్ దొరకడం. అది దొరకదని ఈ లోకంలో బతికున్నవాళ్లలో నాకొక్కడికే తెలుసు. ఎందుకంటే పోగొట్టింది నేను.

ఎలా పోగొట్టానో చెప్పాలి.

మా ఆఫీసులో చెరుపు పుస్తకం అని ఒక రిజిస్టరు ఉండేది. ఒక ఆట అయిపోయాక దాని కోడంతా భద్రపరిచే డిస్కులోకి కాపీ చేసి, పాత యంత్రాన్ని చెరిపి, కొత్త ఆటకి ఇచ్చేవాళ్లం. చెరిపే ముందు బావ పెట్టిన నియమం ఒకటి ఉంది. కాపీలోంచి ఆటని మొదటినుంచీ కట్టాలి, అంటే ఆ కోడ్‌ని ఆడే రూపంలోకి తేవాలి, కన్సోల్లో వేసి ఆడాలి, కోట తలుపు దగ్గరుండే మొదటి కాపలాదారుణ్ని ఓడించాలి. అక్కడిదాకా సాఫీగా నడిస్తే కాపీ సరిగ్గా ఉన్నట్టే. అప్పుడు చెరుపు పుస్తకంలో "గెలిచాను" అని రాసి సంతకం పెట్టాలి. ఆ తర్వాతే చెరపాలి.

ఆ కాపలాదారుణ్ని మేం మావయ్య అనేవాళ్లం. ఎవరొచ్చినా తలుపుకి అడ్డంగా నిలబడతాడు కాబట్టి. వాణ్ని గెలవాలంటే తొందరపడకూడదు, వాడు గద ఎత్తి దించేదాకా ఆగాలి. బావ కావాలనే అలా పెట్టాడు, ఆడేవాడికి ఆగడం నేర్పాలని. నాకు ఆగడం రాదు. నాలుగేళ్లు ఆ ఆట కోసం పనిచేశాను, కోటలో ప్రతి తలుపూ తెరుచుకునే లెక్క నేనే రాశాను, కానీ మావయ్యని ఒక్కసారి కూడా గెలవలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే ఇరవై ఇద్దరూ నా దుంప తెంచేవాళ్లు. అందరికన్నా ముందు మా బావ. బావమరిది దొరికితే ఆటపట్టించకుండా వదిలే బావలు ఎక్కడుంటారు?

ఉప్పుకోట అయిపోయాక దాన్ని చెరిపే పని నాకు వచ్చింది. కాపీ పెట్టాను. తెర మీద ఏదో మాట వచ్చింది, అయిపోయిందనుకుని చదవకుండానే సరే అని నొక్కాను. కాపీలోంచి ఆట కట్టడానికి రెండు గంటలు, ఆ తర్వాత మావయ్య చేతిలో చావడానికి ఒక్క నిమిషం. అదీ అందరూ అటూ ఇటూ తిరిగే హాలులో, పెద్ద తెర మీద. ఇంకొకణ్ని పిలిచి గెలిపించమంటే పరువు పోతుంది. చెరుపు పుస్తకం తెరిచి "గెలిచాను" అని రాసి సంతకం పెట్టి యంత్రాన్ని చెరిపేశాను.

తెర మీద వచ్చిన మాట, డిస్కు నిండిపోయింది, సగమే కాపీ అయింది అని. ఆట కట్టడం మొదలుపెట్టి ఉంటే మొదటి నిమిషంలోనే బయటపడేది.

రెండేళ్ల తర్వాత కంపెనీ ఉప్పుకోటని కంప్యూటర్లకి తెద్దామనుకుంది. అప్పుడు ఆ డిస్కు తెరిచారు. బొమ్మలున్నాయి, పాటలున్నాయి, వాటిని కదిలించే కోడ్ లేదు. విచారణ అన్నారు. బావ నన్ను తన గదిలోకి పిలిచాడు. బల్ల మీద చెరుపు పుస్తకం తెరిచి ఉంది.

"మావయ్యని గెలిచావా?" అని అడిగాడు.

ఆ రోజు గెలవలేదన్నాను.

"ఎప్పుడూ గెలవలేదా?"

"లేదు బావా."

ఆయన నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. నా సంతకం ఉన్న కాగితం చింపి జేబులో పెట్టుకున్నాడు. "మీ ఆవిడకి ఎన్నో నెల?" అన్నాడు. ఎనిమిదని చెప్పాను. "నాకు ఎక్కడైనా పని దొరుకుతుందిలేరా. నీకు దొరకదు. మీ అక్కకి మాత్రం చెప్పకు. మీ ఇద్దరి మధ్య ఇది పడకూడదు." నేను వద్దని అనాలి కదా. అనలేదు. గుండెల మీంచి బండరాయి దిగినట్టు అనిపించింది, సిగ్గులేకుండా చెబుతున్నాను. పొరపాటు నాదేనని బావ కంపెనీకి రాసిచ్చి బయటికి వెళ్లాడు.

ఆయనకి పని దొరకలేదు. సొంత ఆటని పోగొట్టుకున్నవాడికి ఇంకో ఆట ఎవరిస్తారు? చివరికి లిఫ్టుల్లో అంతస్తు అంకె చూపించే పలకలకి ప్రోగ్రాములు రాశాడు. పన్నెండేళ్లు అదే పని. ఒక్కసారి కూడా నన్ను దెప్పలేదు. ఆయన తిట్టి ఉంటే నేను ఏనాడో నోరు విప్పేవాణ్నేమో. ఆయన పోయినప్పుడు అక్క పక్కన నిలబడి వచ్చినవాళ్లందరికీ సమాధానం చెప్పింది నేనే.

అలాంటి నేను ఆదివారాలు అక్క ఇంటికి వెళ్లి, లేని దాన్ని వెతకడం మొదలుపెట్టాను.

ముందుగది బల్ల మీద నా కంప్యూటరు, పక్కన పాత డిస్కులు చదివే పెట్టె. అక్క ఒక్కో డిస్కు గుడ్డతో తుడిచి నా చేతికిచ్చేది. నేను తగిలించేవాణ్ని. అది గిర్రున తిరిగి మూలిగేది. అక్క తన నోటు పుస్తకంలో ఎర్ర పెన్నుతో రాసుకునేది. ఒకటి, లిఫ్టు పలకలు. రెండు, ఫొటోలు. మూడు, చదవలేకపోయాం. ప్రతిసారీ నా మొహం వంక చూసేది. నేను పెదవి విరిచేవాణ్ని. ఆ నటనకి నాకు పతకం ఇవ్వాలి.

"అలిసిపోయావా?" అనేది. "ఇంకొక్కటి చూసి అన్నం తిందాం."

ఆమె నా కోసం వండి పెట్టేది. నేను తినేవాణ్ని. తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా కూర్చుని, రెండోసారి వడ్డించుకుని మరీ తినేవాణ్ని. ఈ వారం చెప్పేస్తానని ప్రతి ఆదివారం మెట్లెక్కేటప్పుడు అనుకునేవాణ్ని. దిగేటప్పుడు వచ్చే వారం అనుకునేవాణ్ని.

ఫోరంలో అక్క ప్రతి వారం రాసేది. ఇంకా ఇరవై ఉన్నాయి, చూస్తున్నాం. ఇంకా తొమ్మిది ఉన్నాయి. మొదట వెక్కిరించినవాళ్లే మెల్లగా అమ్మా అనడం మొదలుపెట్టారు. మీ ఓపికకి దండం పెట్టాలన్నారు. దొరుకుతుందట, దొరికేసిందట అని మళ్లీ పుకార్లు లేచాయి. ఆ ఖాళీ పేజీలో "త్వరలో" తీసి "అతి త్వరలో" అని పెట్టారు, ఎవరో మహానుభావులు.

పదకొండో ఆదివారం ఆఖరి డిస్కు తగిలించాం. అందులో లిఫ్టు కంపెనీ బిల్లులు, కొన్ని ఉత్తరాలు ఉన్నాయి. ఒక ఉత్తరం దగ్గర అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. కంపెనీకి బావ తన చేత్తో రాసిచ్చినదాని ఫొటో అది. ఉప్పుకోట కోడ్ నా అజాగ్రత్త వల్లే పోయింది, కాపీని సరిచూడకుండా నేనే చెరిపాను, ఇందులో వేరెవరి తప్పూ లేదు, రాజీనామా చేస్తున్నాను అని నాలుగే నాలుగు వాక్యాలు.

అక్క దాన్ని రెండుసార్లు చదివింది. అలవాటు కొద్దీ వేలు వాక్యం కింద జరుపుతూ చదివింది.

"అయితే వాళ్లు చెప్పింది నిజమేనా?" అంది.

 ఇప్పుడు చెప్పరా, ఇప్పుడే చెప్పు అని లోపల అరుస్తున్నాను. చేతులు మాత్రం పాత డిస్కులు పెట్టెలో సర్దుతున్నాయి.

"నాతో ఒక్కమాట అనలేదే," అంది. "ఎక్కడో కలిసిపోయిందన్నారు. ఇన్నేళ్లు నాతో అబద్ధమే చెప్పారా?"

"ఏదో పరిస్థితి అయ్యుంటుంది అక్కా," అన్నాను. అంతకన్నా నీచమైన మాట నా నోట్లోంచి ఎన్నడూ రాలేదు.

నాకు తలనొప్పి అని చెప్పి ఆ రోజు అన్నం తినకుండా వచ్చేశాను.

మర్నాడు గోదాములో లేబుళ్ల యంత్రం పక్కన నిలబడి ఫోరం తెరిచాను. అక్క పొద్దున్నే రాసింది. తెర మీది బావ ఉత్తరాన్ని నిన్ననే ఫోన్‌తో తీసుకున్నట్టుంది, ఆ ఫొటో పెట్టింది. కింద, "మీరు చెప్పినదే నిజం. నాకు తెలియక మీతో వాదించాను. ఆయన తరఫున, నా తరఫున క్షమించండి. తప్పు జరిగితే దిద్దుకోవాలి," అని రాసింది. ఒక్క అచ్చుతప్పు లేదు. కింద మూడు వందల మంది ఆమెని ఓదార్చారు.

యంత్రం నడుస్తూనే ఉంది, లేబుళ్లు నేల మీద కుప్ప పడుతున్నాయి. నేను దాన్ని ఆపి, ఒంట్లో బాగాలేదని చెప్పి, అక్క ఇంటికి వెళ్లాను.

ఆమె బల్ల దగ్గర కూర్చుని ఏదో లెక్కల పుస్తకం దిద్దుతోంది. నన్ను చూసి ఈ వేళప్పుడు వచ్చావేంట్రా అంది. నేను నిలబడే అంతా చెప్పాను. మావయ్య సంగతి, పుస్తకంలో రాసిన మాట, చిరిగిన కాగితం, ఎనిమిదో నెల. అక్క వింటూ ఎర్ర పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

"ఆటలో ఓడిపోతానని సిగ్గుపడ్డావా?" అంది చివరికి.

"అవునక్కా."

"అందుకా?"

"అందుకే."

"పదకొండు ఆదివారాలు," అంది. "నేను తుడిచి ఇస్తుంటే తీసుకున్నావు. నేను వండితే తిన్నావు. నిన్న ఆ ఉత్తరం చదివి ఆయన్ని నేను నోటికొచ్చినట్టు అనుకున్నాను, రాత్రంతా. నువ్వు చూస్తూ ఊరుకున్నావు."

"అక్కా..."

"అక్కా లేదు, గిక్కా లేదు. నాకు చెప్పడం కాదు, వెళ్లి అక్కడ రాయి. నీ పేరు పెట్టి రాయి. ఆ గెలిచాననే మాటతో సహా రాయి. ఆ తర్వాతే నా మొహం చూడు."

రాశాను. ఇంటికి వెళ్లి, మా ఆవిడకి చెప్పి, ఆవిడ ఏడుస్తుంటే పక్కన కూర్చుని రాశాను. ఒక్క ముక్క దాచలేదు. పేరు, హోదా, తేదీ, డిస్కు నిండిన సంగతి, చెరుపు పుస్తకం, బావ చింపిన కాగితం. తిట్లు తినడానికి సిద్ధపడి కూర్చున్నాను. చెప్పాలంటే, ఆ తిట్ల కోసమే ఎదురుచూశాను.

మొదట వచ్చిన మాట, "ఎంత మంచి బావమరిది."

తర్వాతది, "చనిపోయిన మనిషి కోసం తప్పు నెత్తిన వేసుకున్నాడు. ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారా?"

మూడోవాడు తెలివైనవాడు. "అక్క కన్నీళ్లు చూడలేక అల్లిన కథ ఇది. ఉప్పుకోట తలుపులు రాసినవాడికి మొదటి కాపలాదారుణ్ని గెలవడం రాదా? మా చెల్లెలు ఏడేళ్లప్పుడే గెలిచింది. అబద్ధం ఆడటం కూడా రాలేదు పాపం, ఎంత అమాయకుడో."

అబద్ధం కాదు, నిజమని రాశాను. అలాగే అంటారులెండి, మీ మనసు మాకు అర్థమైందన్నారు. ఆ కాగితం చూపించమన్నారు. దాన్ని బావ ఏం చేశాడో నాకు తెలీదు. దర్శకుడి ఉత్తరం మా దగ్గరుంది కదా, అందులో ఆయన చేత్తో ఆయనే ఒప్పుకున్నాడు కదా అన్నారు. ఆ ఉత్తరం పెట్టింది ఎవరు? అక్క. నేను ఒక్క రోజు ముందు నోరు విప్పి ఉంటే ఆమె అది పెట్టేది కాదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, నేను ఆకులకి కూడా ఆలస్యమయ్యాను. పాత కన్సోల్ ఒకటి అడిగి తెచ్చుకుని, మావయ్య చేతిలో నేను చచ్చిపోతుంటే వీడియో తీసి పెట్టాను. వరసగా పద్నాలుగుసార్లు చచ్చాను. కావాలనే ఓడిపోతున్నాడు, చూస్తే తెలియట్లేదా, కళ్లల్లో నీళ్లు తిరిగాయి అని రాశారు.

వారం తిరిగేసరికి కొత్త పుకారు బయల్దేరింది. పోయిన కోడ్‌ని బావమరిదే మళ్లీ మొదటినుంచీ రాస్తున్నాడట. అందుకే చందాలట. ఆట మొదట్లో అతని పేరు వేస్తారట. ఆ ఖాళీ పేజీ మీద విరిగిన కత్తి కింద ఎవరో నా పేరు కూడా చేర్చారు. గోదాములో మా సూపర్‌వైజరు కూడా అది చూసి నా భుజం తట్టాడు.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. ఆ సోమవారం తర్వాత ఆమె గొంతు వినడం అదే.

"ఆట మొదట్లో నీ పేరు వేస్తారటగా," అంది.

"నేను కాదని చెప్పానక్కా. రోజూ చెబుతున్నాను. ఎంత చెప్పినా ఒక్కడూ నమ్మట్లేదు."

అటువైపు ఎర్ర పెన్ను మూత టక్కుమని పడిన చప్పుడు వినిపించింది. 

"ఆయన నాలుగు వాక్యాలు రాస్తే ఒక్క రోజులో అందరూ నమ్మారు," అంది. "వాళ్లెవరో బయటివాళ్లు, నమ్మారంటే నమ్మారు. ఇరవై ఏళ్లు కాపురం చేసినదాన్ని, నేను కూడా నమ్మేశాను కదరా."